తూము దగ్గర బావురుపిల్లి

కిందటి నెల ఒక పొద్దున బందరుకి ఆటోలో వస్తుంటే, చేపల చెరువుల మధ్య రోడ్డు మీద పదిమంది గుమిగూడి ఉన్నారు. ఆటో ఆగింది. రోడ్డు అంచున ఒక జంతువు చచ్చి పడి ఉంది. ఏదో లారీ కొట్టేసి పోయినట్టుంది. ఓ మోస్తరు కుక్కంత ఉంది. బూడిద రంగు ఒళ్ళు, దాని మీద వరసలు తీరిన నల్లటి మచ్చలు, పొట్టి తోక. కుర్రాళ్ళు ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటున్నారు. "చిరుతపిల్లండీ ఇది. తల్లి ఇక్కడే ఎక్కడో ఉంటది, ఎవరూ పక్కకి దిగమాకండి," అని ఒకతను వచ్చే పోయే వాళ్ళందరికీ చెబుతున్నాడు.

"చిరుత కాదండీ, బావురుపిల్లి," అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీరు ఫారెస్టు డిపార్టుమెంటాండీ?"

"కాదండీ. చిన్నప్పుడు చూశాను. దివిసీమలో, సైకిలు మీద వెళ్తుంటే."

అతనికి అంతకు మించి అవసరం లేదు. ఆటో కదిలింది. నేను చెప్పింది నిజమే గాని, అది చెప్పాల్సినదాంట్లో పదో వంతు కూడా కాదు. మిగతాది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అడిగినవాళ్ళు లేరు.

మా అమ్మ నర్సు. దివిసీమ చివర్లో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఏడెనిమిది ఊళ్ళకి ఆవిడొక్కతే. కాన్పులు, టీకాలు, పుళ్ళకి కట్లు, జ్వరాలకి బిళ్ళలు అన్నీ ఆవిడే చూసేది. నాన్న గుడివాడలో ఒక హాస్టలుకి వార్డెను. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారే వెళ్ళిపోయేవాడు. అందుకని సెలవు రోజుల్లో నన్ను ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక, అమ్మ సైకిలు వెనక కారియర్ మీద కూర్చోబెట్టుకుని తిప్పేది.

ఆ సైకిలు నాన్న గుడివాడలో సెకండ్‌హాండ్‌లో కొని తెచ్చిన లేడీస్ సైకిలు. ఆకుపచ్చ రంగు. చీర కుచ్చెళ్ళు చక్రంలో పడకుండా వెనక చక్రానికి దారపు వల బిగించి ఉండేది. హ్యాండిలుకి అమ్మ మందుల సంచీ. ఆ సంచీలోంచి స్పిరిటు వాసన, కార్బాలిక్ సబ్బు వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఏ ఆసుపత్రిలోనైనా ఆ వాసన తగిలితే నా కాళ్ళు వాటంతటవే పైకి ముడుచుకుంటాయి, చక్రం పుల్లల్లో పడతాయేమోనన్నట్టు.

కారియర్ మీద కూర్చున్నవాళ్ళకి ముందున్న దారి కనిపించదు. కనిపించేదల్లా అమ్మ వీపు, అటూ ఇటూ కాలువ కట్ట. అందుకే నేను పక్కలకే చూసేదాన్ని. చూస్తే అన్నీ కనిపించేవి. ముంగిసలు జంటగా పరిగెత్తేవి. ఉడుము ఎండలో కదలకుండా పడుకుని, బెల్లు మోగితే గాని లేచేది కాదు. వానాకాలం మొదట్లో ఎర్ర పీతలు వందల కొద్దీ కట్ట దాటేవి. అప్పుడు అమ్మ సైకిలు దిగి నడిపించేది. చేపల గంపలు కట్టుకుని మోపిదేవి వైపు వెళ్ళే వాళ్ళు మాత్రం దిగేవాళ్ళు కాదు. వాళ్ళ చక్రాల కింద పీతలు పటపటమని చప్పుడయ్యేవి.

"మనమూ తొక్కుకుంటా పోదామమ్మా, చప్పుడు బాగుంది," అన్నానొకసారి.

"చప్పుడు బాగానే ఉంటది. డిప్పలు గుచ్చుకుని ట్యూబు పంక్చరైతే నువ్వు మోస్తావా సైకిలు?" అంది.

అమ్మ మాటలన్నీ ఇంతే. జాలి అనే మాట ఆవిడ నోట విన్న గుర్తు లేదు. ఏదైనా అడ్డొస్తే ఆగేది, అది వెళ్ళాక మళ్ళీ ఎక్కేది. నేను మాత్రం ఉడుము పక్కగా వెళ్ళేటప్పుడు కాలు చాపి దాని తోక తొక్కాలని చూసేదాన్ని. ఒకసారి చెప్పు జారి పడింది. అమ్మ ఆపలేదు. తిరుగు ప్రయాణంలో చూస్తే చెప్పు లేదు. ఆ వారమంతా ఒంటి చెప్పుతో తిరగమంది. తిరిగాను.

ఇది జరిగింది ఒక ఎండాకాలం. అప్పటికి నాకు పదకొండేళ్ళు. కాలువలు కట్టేసిన రోజులు. నీళ్ళు ఆగిపోయాక కాలువ అడుగున అక్కడక్కడ మడుగులు మిగిలేవి. వాటిల్లో కొర్రమీనులు, జెల్లలు గిలగిల్లాడుతుంటే పిల్లలం లంగాలు ఎగదోపుకుని దిగేవాళ్ళం. ఒళ్ళంతా నల్లటి ఒండ్రు. ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే ఆపి రెండు బిందెలు కుమ్మరించేది. పట్టిన జెల్లల్ని మామిడికాయ ముక్కలేసి వండేది. మధ్యాహ్నం మూడింటికి ఆ కూర మిగులుతో చద్దన్నం తింటుంటే సముద్రం వైపు నుంచి ఉప్పుచేపలు ఎండబెట్టిన వాసన గాలిలో వచ్చేది. అది లేకపోతే మాకు అన్నం సహించేది కాదనుకుంటాను.

మా ఊరు దాటి రెండు మైళ్ళు పోయాక కట్ట కింద ఒక పాత తూము ఉండేది. కాలువ నీళ్ళు చేలల్లోకి వెళ్ళడానికి వేసిన సిమెంటు గొట్టం. పగిలిపోయిందని దాన్ని వాడటం మానేశారు. దాని చుట్టూ నిలువెత్తు జమ్ము గడ్డి మొలిచింది. ఆ ఎండల్లో ఒక పొద్దున అక్కడికొచ్చేసరికి అమ్మ బ్రేకు వేసి ఒక కాలు కింద పెట్టింది.

"కిందికి చూడు. మాట్లాడమాక," అంది.

కాలువ అడుగున మడుగు పక్కన ఒక పిల్లి కూర్చుని ఉంది. పిల్లే గాని అంత పెద్ద పిల్లిని నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళలోకి చూస్తోంది. చాలాసేపు కదల్లేదు. ఉన్నట్టుండి తలా ముందుకాళ్ళూ నీళ్ళలో ముంచి, చేపతో పైకి వచ్చింది. నీళ్ళంటే భయపడని పిల్లి! మమ్మల్ని చూసింది, తొందరేమీ లేనట్టు జమ్ములోకి నడిచి వెళ్ళింది.

"బావురుపిల్లి అంటారు. కాలువకి నీళ్ళు వదిలే లస్కరు చెప్పాడు. వలల్లో చేపలు తింటదని పల్లెవాళ్ళు కనపడితే కొట్టేస్తారంట," అని అమ్మ పెడలు మీద కాలు వేసింది.

ఆ తరవాత తూము దగ్గరికి వచ్చినప్పుడల్లా అమ్మ వేగం తగ్గించేది. నాలుగైదు సార్లు కనిపించింది. కనిపించినా కనిపించకపోయినా మేమిద్దరం ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అనొద్దని అమ్మ నాకు చెప్పలేదు.

కట్ట చివర, సముద్రానికి మైలు దూరంలో ఒక పల్లె ఉండేది. సముద్రంలో చేపల వేటకెళ్ళేవాళ్ళ ఇళ్ళు ఓ ముప్పై. అక్కడ ఒక ముసలామె పల్లెలో కాన్పులన్నీ తనే చేసేది. అమ్మ అంటే ఆవిడకి పడదు. 'సూదుల నర్సమ్మ' అనేది. అమ్మ ఎదురుపడితే పలకరించేది కాదు, ముఖం తిప్పుకునేదీ కాదు. గోడని చూసినట్టు చూసేది.

ఒక పొద్దున ఎనిమిదింటికి ఆ ముసలామె కొడుకే మా ఇంటి ముందు సైకిలు పడేసి పరిగెత్తుకొచ్చాడు. లుంగీ మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"నర్సమ్మగారూ, మా ఆడదానికి నిన్న సాయంత్రం నుంచీ నొప్పులండీ. మా అమ్మ వల్ల కావట్లేదు. మిమ్మల్ని తీసుకురమ్మని తనే చెప్పిందండీ."

"మీ అమ్మే చెప్పిందా?"

"అవునండీ."

అమ్మ ఇంకేమీ అడగలేదు. ముసలామె పిలవమందంటే పరిస్థితి ఎట్లా ఉందో ఆవిడకి అర్థమై ఉంటుంది. "నువ్వు ముందు పో. రెండు బిందెల నీళ్ళు మరగబెట్టించు. నేను వెనకాలే వస్తా," అని సంచీ తగిలించుకుంది. అతను పెడళ్ళ మీద నిలబడి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కారియర్ ఎక్కాను.

ఆ రోజు అమ్మ తొక్కినంత వేగంగా ఎప్పుడూ తొక్కలేదు. గుంతల్లో పడినప్పుడల్లా నేను ఎగిరి పడుతున్నాను. తూము దగ్గరికి వచ్చాం. ఆ రోజు తగ్గించలేదు.

కాలువ వైపు నుంచి అది కట్ట ఎక్కి సరిగ్గా మా ముందుకు వచ్చింది. నోట్లో పిల్లని కరుచుకుని ఉంది. సైకిలు అంత వేగంగా వస్తుందని అనుకోలేదేమో, దారి మధ్యలో ఆగిపోయింది. అమ్మ హ్యాండిలు తిప్పేసింది. చక్రం కట్ట అంచు దాటింది. నేను గడ్డిలో పడ్డాను. అమ్మ కుడిచెయ్యి కింద పెట్టి, దాని మీద పడింది. ఆ చప్పుడు విన్నాను. ఎండుకొమ్మ విరిగినట్టుంది.

లేచి చూసేసరికి పిల్లి లేదు. అవతల జమ్ము కదులుతోంది. అమ్మ కూర్చుని తన చేతిని చూసుకుంటోంది. మణికట్టు దగ్గర చెయ్యి తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఏడవలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"నీకేమైనా తగిలిందా?" అంది.

"మోకాలు."

"నడవగలవా?"

"ఆ."

"అయితే సంచీ తియ్యి. బయట పడ్డవి ఏరు. కత్తెర కనపడాలి, దారపు ఉండ కనపడాలి. అక్కడ తాటిమట్ట పడి ఉంది చూడు, అదీ తీసుకురా."

మట్ట ముక్క చేతి కింద పెట్టి, నా జడ రిబ్బన్లు రెండూ విప్పి కట్టమంది. కట్టాను. గట్టిగా లాగమంది. లాగాను. అప్పుడొకసారి కళ్ళు మూసుకుంది. సైకిలు ముందు చక్రం వంకరపోయింది. దాన్ని అక్కడే వదిలేసి ఎండలో ఒకటిన్నర మైళ్ళు నడిచాం. దారిలో అమ్మ మాట్లాడింది ఒక్క మాటే.

"అక్కడ ఎవరైనా అడిగితే నేను చెప్తా. నువ్వు ఊరుకో."

గుడిసె ముందు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అమ్మ చెయ్యి చూసి గోల పెట్టారు. ముసలామె లోపల నుంచి వచ్చింది. "ఏందమ్మా ఇది? ఏమైంది?" అంది. ఆవిడ అమ్మతో మాట్లాడటం అదే మొదలు.

"కట్ట మీద ఇటికిరాయి తగిలి చక్రం జారిందండీ," అంది అమ్మ. "చెయ్యి సంగతి తరవాత. మీ చేతులు ఉన్నాయిగా, అవి చాలు. నేను చెప్పినట్టు చెయ్యండి."

లోపల జరిగినదంతా నాకు వరసగా గుర్తు లేదు. నా చేతులు మోచేతుల దాకా కార్బాలిక్ సబ్బుతో మూడుసార్లు కడిగించింది. గోళ్ళు తీయించింది. పొయ్యి పొగ, చెమట, ఆముదం, వీటన్నిటి కింద ఇంకేదో వాసన. నొప్పులు పడుతున్నావిడ అరుపులు మొదట భయపెట్టాయి, తరవాత అలవాటైపోయాయి. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచెయ్యి పొట్ట మీద ఆనించి, చాలా మామూలు గొంతుతో ముసలామెకి చెబుతోంది. "ఇప్పుడు లాగమాకండి. ఆగండి. ఇప్పుడు పట్టుకోండి, కిందికి వంచండి." ముసలామె ఎదురు చెప్పలేదు. తల బయటికి వచ్చాక చూస్తే బొడ్డుతాడు మెడకి చుట్టుకుని ఉంది. అమ్మ ఎడమచేతి వేళ్ళతో దాన్ని తల మీదుగా తప్పించింది.

ఆ తరవాత నన్ను పిలిచింది. "ఇక్కడ ఒక ముడి. నాలుగు వేళ్ళు వదిలి ఇక్కడొకటి. బిగించు. ఇంకా. ఇప్పుడు మధ్యలో కత్తిరించు."

బొడ్డుతాడు మెత్తగా తెగుతుందనుకున్నాను. తెగలేదు. తడిసిన తోలులా కత్తెర కింద జారింది. రెండోసారికి తెగింది.

పాప ఏడవలేదు. ముసలామె దాన్ని తలకిందులు చేసి వీపు రుద్దింది. అమ్మ పాప నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది. ఎంతసేపో తెలీదు. బయట ఆడవాళ్ళు కూడా మాటలు ఆపేశారు. అప్పుడు పిల్లి కూత లాంటి సన్నటి చప్పుడు వచ్చింది, తరవాత ఏడుపు.

"ఆడపిల్ల," అంది ముసలామె. ఆ గొంతులో సంతోషం లేదు, విచారమూ లేదు. అలసట ఉంది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, అప్పుడు మొదటిసారి "అబ్బా" అంది.

బందరు తీసుకెళ్ళి కట్టు వేయించే సరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఎముక సరిగా అతకదేమో అన్నారు. అతకలేదు. ఆ నెలంతా అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, రిజిస్టరులో ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటూ కూర్చుంది. అక్షరాలు ఒకటో తరగతి పిల్లల రాతలా ఉండేవి. చెయ్యి బాగవకపోతే ఆవిడ స్థానంలో ఇంకొకరిని వేస్తారని నాన్న విని వచ్చాడు. వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే నేను తలుపు వెనక నుంచి విన్నాను. నాకు అమ్మ మీద కోపం వచ్చింది. పిల్లి మీద అంతకంటే కోపం వచ్చింది. అది అక్కడ ఆగకుండా దాటేసి ఉంటే సరిపోయేది కదా అనిపించేది.

పాప తండ్రి రెండు రోజులకోసారి చేపలు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. ఒకసారి మట్టగిడసలు, ఒకసారి పచ్చి రొయ్యలు. సరదా మనిషి. ఒకరోజు వచ్చినప్పుడు అమ్మ లోపల పడుకుని ఉంది. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

"ఆ ఇటికి ఎక్కడుందో చెప్పు పాపా, తవ్వి సముద్రంలో పారేస్తాను. కట్టంతా ఎతికాను, ఒక్క ఇటికీ లేదే!" అన్నాడు నవ్వుతూ.

"ఇటికి కాదు. బావురుపిల్లి అడ్డొచ్చింది. తూము దగ్గర జమ్ములో ఉంటది," అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. "పిల్లా? మా ఇంటికి వస్తుంటేనా?"

నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. అవునన్నాను. గిన్నె ఖాళీ చేసి ఇవ్వమన్నాడు, ఇచ్చాను. తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున అతను వచ్చాడు. సైకిలు హ్యాండిలుకి వెనక కాళ్ళు కట్టి దాన్ని వేలాడదీశాడు. తల ముందు చక్రానికి తగులుతోంది. మీసాల మీద నెత్తురు ఎండిపోయింది. నీళ్ళ పక్కన కూర్చుని చేపని చూస్తున్నప్పుడు ఉన్నంత పెద్దగా లేదు.

"మీ చెయ్యి విరగ్గొట్టింది ఇదేగదండీ. నలుగురం కలిసి పట్టాం. పొగ పెడితే గాని బయటికి రాలేదు," అన్నాడు అమ్మతో.

అమ్మ కుర్చీలోంచి లేచింది. "ఎవరు చెప్పారు నీకు?"

అతను నా వైపు చూశాడు. అమ్మ చూడలేదు. "దీనికి పిల్ల ఉండాలే. ఏది?" అంది.

"పిల్ల ఏమీ కనపళ్ళేదండీ."

"ఎందుకు కొట్టావు?"

అతను సైకిలు స్టాండు వేశాడు. నేల చూపులు చూస్తూ అన్నాడు. "మా అమ్మ మూణ్ణాళ్ళ నుంచి పసిదాన్ని ముట్టుకోవట్లేదండీ. కాన్పుకి వస్తుంటే పిల్లి ఎదురొచ్చిందంట, మంత్రసాని చెయ్యి విరిగిందంట, ఇంకా ఏం ముంచుద్దో అంటంది. ఇరుగుపొరుగు కూడా అట్టాగే అంటన్నారు. రేపు వేటకెళ్ళి నాకేమైనా అయితే, ఆ పసిదానికే అంటగడతారు. దీన్ని చంపేస్తే దోషం పోద్దన్నారు. అందుకని..."

అమ్మ ఇటికిరాయి అని ఎందుకు చెప్పిందో నాకు అప్పుడు తెలిసింది. పిల్లిని కాపాడటానికి అనుకున్నాను అప్పటిదాకా.

అమ్మ చెప్పులు వేసుకుంది. మెడకి గుడ్డతో వేలాడదీసిన కట్టు చెయ్యి సర్దుకుంది. "పద," అంది అతనితో. నన్ను రమ్మనలేదు. వద్దనలేదు. నేను వెనక నడిచాను. మూడున్నర మైళ్ళు. అతను సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, ఆ చచ్చినదాంతో సహా. దాన్ని విప్పి పారేయమని అమ్మ అనలేదు. ఎందుకనలేదో పల్లెకి వెళ్ళాక తెలిసింది.

పాప చాప మీద ఒంటరిగా పడుకుని ఉంది. తల్లి పక్కనే కూర్చుని ముఖం చీరలో దాచుకుంది. ముసలామె అరుగు మీద ఉంది. అమ్మ వచ్చిందని తెలిసి జనం పోగయ్యారు. అమ్మ సైకిలుని అరుగు ముందుకి తెప్పించింది.

"ఇదేనండీ ఎదురొచ్చింది," అంది ముసలామెతో. "అబద్ధం చెప్పాను. పిల్లే. ఎవరికి ఎదురొచ్చింది?"

ముసలామె సైకిలుకి వేలాడుతున్నదాన్ని చూసింది.

"నాకు. సైకిలు మీద ఉన్నది నేను. చెయ్యి విరిగింది ఎవరికి?"

"మీకేనమ్మా."

"మరి ఎవరి శకునం వాళ్ళకి తగిలిపోయింది గదా? చూడండి." కట్టు వేసిన చెయ్యి ముందుకు చాపింది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఇంకా ఈ పిల్లకి మిగిలిందేముంది? మెడకి తాడు చుట్టుకుని పుట్టి కూడా బతికింది. మీ చేతుల్లోనే బతికింది. ఇంత గట్టి పిల్లని నేను ఈ ఏడూళ్ళలో చూడలేదు. మీరు ఎత్తుకోకపోతే చెప్పండి, నేను తీసుకుపోతాను."

మా అమ్మ ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. శకునాలనే మాట ఇంట్లో ఎత్తితే ఊరుకునేది కాదు. ఆ రోజు మాత్రం వాళ్ళ నమ్మకాన్ని వాళ్ళకంటే శ్రద్ధగా వినిపించింది.

ముసలామె చాలాసేపు ఆ ఉబ్బిన వేళ్ళని చూసింది. తరవాత అరుగు దిగి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళి పాపని ఎత్తుకొచ్చింది. తెచ్చి అమ్మ ఎడమచేతిలో పెట్టింది. "ముందు మీరు ఎత్తుకోండమ్మా," అంది. అమ్మ ఎత్తుకుని, మళ్ళీ ఆవిడకే ఇచ్చింది. అంతటితో అది అయిపోయింది. ఎవరో మజ్జిగ తెచ్చారు. పిల్లిని తీసుకెళ్ళి ఇసకలో పాతిపెట్టారు.

తిరిగొస్తూ తూము దగ్గర అమ్మ ఆగింది. జమ్మంతా తొక్కేసి, కాల్చేసి ఉంది. మసి వాసన. అమ్మ గొట్టం దగ్గర వంగి చూసింది. నన్ను పాకి వెళ్ళి చూడమంది. లోపల కాస్త తడి ఇసక, చేప ముళ్ళు. ఇంకేం లేవు. ఆ సాయంత్రం, తరవాత రెండు సాయంత్రాలు మేమిద్దరం చిన్న జెల్లలు తీసుకుని అక్కడికి నడిచి వెళ్ళాం. తూము నోట్లో పెట్టి వచ్చేవాళ్ళం. రెండో రోజు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూడో రోజు లేవు. కాకులు తిన్నాయో, కుక్కలు తిన్నాయో. "ఇంక చాలు," అంది అమ్మ. వెళ్ళడం మానేశాం.

ఇదంతా జరిగాక కూడా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కొట్టినా బాగుండుననిపించింది. ఆ రోజుల్లో అన్నాలకి ముందు దీపం పెట్టుకుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. అమ్మ కళ్ళు మూసుకుని వరసగా చెప్పేది: వానలు, నాన్న ప్రయాణాలు, రోగాలతో ఉన్నవాళ్ళు, ఆ నెలలో కనబోయేవాళ్ళు, చివర్లో నేను. పిల్లిని పాతిపెట్టిన రాత్రి నా పేరు వస్తుందా రాదా అని కళ్ళు తెరిచి ఆవిడ పెదాల్నే చూస్తూ కూర్చున్నాను. వచ్చింది. ఎప్పుడూ వచ్చే చోటే వచ్చింది. ముందూ వెనకా కొత్త మాటేదీ లేదు.

కాలువలకి నీళ్ళు వదిలారు. నాట్లు మొదలయ్యాయి. చక్రం బాగు చేయించిన సైకిలు అమ్మ మళ్ళీ ఎక్కింది. కుడిచెయ్యి పూర్తిగా తిరిగేది కాదు, బ్రేకు పట్టు దొరికేది కాదు. ఎడమచేతి బ్రేకొక్కటే వాడేది, అందుకని దూరం నుంచే నెమ్మదించేది. ఆవిడ స్థానంలో ఎవరూ రాలేదు. పంపాలని చూశారుగాని ఆ కట్టల మీద తిరగడానికి ఎవరూ ఒప్పుకోలేదని నాన్న నవ్వుతూ చెప్పాడు. పల్లెలో కాన్పులకి ముసలామె ముందు కూర్చునేది, అమ్మ పక్కన కూర్చుని చెప్పేది. అట్లా చాలా ఏళ్ళు జరిగింది. ఆ పాపని పల్లెలో అందరూ 'నర్సమ్మ పిల్ల' అనేవాళ్ళు. ఏడెనిమిదేళ్ళు వచ్చాక అది కట్ట మీద అమ్మ సైకిలు వెనక పరిగెత్తేది. కారియర్ మీద ఒకప్పుడు నేను కూర్చున్న చోటు తనదని నాతో దెబ్బలాడేది. అప్పటికి నేను హైస్కూలు దాటి, కారియర్ దిగిపోయి చాలా కాలమైంది.

ఆ ఊళ్ళిప్పుడు అట్లా లేవు. కట్ట తారురోడ్డయింది. చేలు తవ్వి చెరువులు చేశారు. జమ్ము ఉన్న చోట్లు నాకు గుర్తు పట్టడం చేతకాలేదు.

అమ్మ చివరి రోజుల్లో బందరులో నా దగ్గరే ఉంది. మనిషి చిన్నగా అయిపోయింది, మాట మాత్రం అదే. ఒక మధ్యాహ్నం ఆవిడ చేతికి నూనె రాస్తున్నాను. కుడి మణికట్టు దగ్గర ఎముక ఎత్తుగా, వేళ్ళకి తగులుతూ ఉంటుంది. అన్నేళ్ళు దాన్ని చూశాను గాని, అట్లా పట్టుకున్నది అప్పుడే అనుకుంటాను. అడిగేశాను.

"ఆ రోజు నేను అతనితో చెప్పినందుకు నన్ను ఎందుకు ఏమీ అనలేదమ్మా?"

ఏ రోజని అడగలేదు ఆవిడ.

"ఏమనాలి? అబద్ధం ఆడింది నేను. నువ్వు నిజం చెప్పావు," అంది. "ఎందుకు అబద్ధం ఆడానో అప్పుడే నిన్ను కూర్చోబెట్టి చెప్పి ఉంటే నువ్వు చెప్పేదానివి కాదు. పిల్లకి ఇదంతా ఎందుకులే అనుకున్నా. కత్తెర పట్టించినప్పుడు పిల్లవని అనుకోలేదు, మాట చెప్పాల్సి వచ్చేసరికి పిల్లవయ్యావు. తప్పయిందని నేను నీకు చెప్పుకోవాలి, నువ్వు నాకు కాదు."

నేను చెయ్యి వదల్లేదు. ఆవిడే మెల్లిగా వెనక్కి తీసుకుని, ఎడమచెయ్యి చాపింది.

"దీనికీ నూనె రాయి. ఇన్నాళ్ళూ పనంతా చేసింది ఇదే," అంది.